పాత పాటకు వయస్సెంత?

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని మనవారి సామెత. లోకములోని వ్యవహారములు పెక్కు ఈ సామెత ననుసరించియే సాగుచున్నవి. కాని దీనిని తలక్రిందులు చేసి, పాతనే పెట్టుబడిగా పెట్టుకొని బ్రతికెడి సంస్థలు కొన్ని లేకపోలేదు. పాత పాటలను మాత్రమే వినిపించు రేడియో కేంద్రము అట్టివానిలో ఒకటి. నిన్న మొన్న వెలువడిన పాటకు అచట ప్రవేశము లేదు. జనుల నోళ్ళలో నాని, మరపునకు లోను గాక నిలిచిన పాటకే అచట పీట. వినుటకు ఇది మిక్కిలి సులభమైన నియమముగా తోచును. అయితే పాట ఎన్ని యేండ్లకు పాతది యగును? ఎన్ని యేండ్లకు మరీ పాతది యగును? ఈ రెండు ప్రశ్నలపై న్యూయార్కు నగరమందలి శ్రోతలు పలు సంవత్సరములు వాదించుకొనిరి. పాటలను గూర్చి మొదలైన ఆ వాదము తుదకు మనుష్యులను గూర్చిన వాదముగా పరిణమించెను.

న్యూయార్కులో 101.1 అంకెపై వినవచ్చు కేంద్రమునకు డబ్ల్యూ.సి.బి.ఎస్.-ఎఫ్.ఎం. అని పేరు. 1972వ సంవత్సరము జూలై 7వ తేదీన అది పాత పాటల కేంద్రముగా మారెను. నాడు పాత పాటలనగా ముఖ్యముగా 1955 ప్రాంతమున మొదలై, తరువాతి పదేండ్లలో వెలువడినవి. అందు "డూ-వాప్" అను బాణి ఆ నగరవాసులకు ప్రాణము. వాద్యములు కొనలేని పేద యువకులు నలుగురైదుగురు వీధి మలుపులందు గుమిగూడి, ఒకడు పల్లవి నెత్తుకొనగా తక్కినవారు అర్థము లేని అక్షరములతో శ్రుతి కూర్చి పాడెడి పాట యది. ఆ యక్షరముల ధ్వని నుండియే బాణికి ఆ పేరు కలిగెను. నల్లజాతి పిల్లలు, ఇటలీ నుండి వలస వచ్చిన కుటుంబముల పిల్లలు, పోర్టోరికో పిల్లలు ఆ పాటను పెంచిరి.

1956లో ఆ నగరపు పిల్లలే ఐదుగురు కలిసి పాడిన పాట యొకటి దేశమంతట మారుమ్రోగెను. అందు ముఖ్యగాయకుడైన ఫ్రాంకీ లైమన్‌కు అప్పటికి 13 ఏండ్లు మాత్రమే. మన లెక్కలో ఎనిమిదవ తరగతి చదువు వయస్సు. ఆ బాలుడు 25 ఏండ్లకే, 1968లో, మరణించెను. అదే 1956లో "ఫైవ్ శాటిన్స్" అను బృందము న్యూ హేవెన్ పట్టణమున ఒక చర్చి నేలమాళిగలో కూర్చుండి "ఇన్ ది స్టిల్ ఆఫ్ ది నైట్" అను పాటను రికార్డు చేసెను. న్యూయార్కు కేంద్రము తన శ్రోతలచే ఉత్తమ గీతముల నెన్నిక చేయించుచుండగా, పలు సంవత్సరములు ఆ నేలమాళిగ పాటయే ప్రథమస్థానమున నిలిచెను. నగరపు పిల్లలు వీధిలో పాడుకొన్న పాటలను నగరమే కాపాడుకొనుచుండెనని ప్రజలు తలంచిరి.

ఇచటనే గణితము అడ్డుపడెను. పాట వయస్సు పెరుగదు. 1956లో పాడిన కంఠము ఎన్నటికిని 1956 నాటి కంఠమే. పెరుగునది వినువాని వయస్సు. 1956లో 17 ఏండ్ల పడుచువాడు 1972లో 33 ఏండ్ల గృహస్థు. 2002 నాటికి అతడే 63 ఏండ్ల తాత. అమెరికాలో ఇట్టి కేంద్రమునకు శ్రోత రుసుమేమియు చెల్లింపడు. చెల్లించువాడు ప్రకటనల నిచ్చు వర్తకుడు. ఆ వర్తకుడు ముఖ్యముగా కోరునది 25 మొదలు 54 ఏండ్ల వరకు గల శ్రోతలను. ఇల్లు కట్టువారు, బండి కొనువారు, బిడ్డలకు బట్టలు తెచ్చువారు వారేయనియు, ఆ వయస్సు దాటినవారు తమ అలవాట్లను సులభముగా మార్చుకొనరనియు అతని నమ్మకము. కావున 55వ జన్మదినము జరుపుకొన్న శ్రోత ఎంత శ్రద్ధగా వినుచున్నను, వర్తకుని ఖాతాలో అతని పేరు కొట్టివేయబడినట్లే.

పాటల నెన్నుటకును అచట ఒక పద్ధతి కలదు. కొందరిని ఒక మందిరమున కూర్చుండబెట్టి, వందలకొలది పాటల నుండి ఒక్కొక్క తునకను కొన్ని క్షణములు మాత్రము వినిపించి, మార్కులు వేయుడందురు. ఎక్కువ మార్కులు వచ్చిన పాట జాబితాలో నిలుచును. తక్కువ వచ్చినది తొలగును. ఇందలి లోపము ఉపాధ్యాయులకు వెంటనే తెలియగలదు. వ్యాసము నందలి ఒక్క వాక్యము చదివి మార్కులు వేయుట వంటి దిది. పదిమందికి సుపరిచితమై, ఎవరికిని అయిష్టము గాని పాట ఈ పరీక్షలో గెలుచును. ఇద్దరికి ప్రాణమై ఎనమండుగురికి తెలియని పాట ఓడిపోవును. ఇట్లు జాబితా ఏటేట ఇరుకై, ఆడిన పాటయే మరల మరల ఆడును.

ఈ కారణములచే 2000 తరువాత ఆ కేంద్రమున 1964కు ముందటి పాటలు క్రమముగా తగ్గజొచ్చెను. వాని స్థానమున 1970 దశాబ్దపు పాటలు, పిమ్మట 1980 దశాబ్దపు పాటలు వచ్చి చేరెను. దీర్ఘకాలము ఆదివారపు రాత్రులందు సాగిన డూ-వాప్ కార్యక్రమము 2002లో ఆగిపోయెను. అప్పుడు శ్రోతలలో రెండు పక్షములు స్పష్టముగా ఏర్పడెను.

మొదటి పక్షము వారి మాట యిది: "పాత పాటలనగా ఒక యుగపు పాటలు. ఆ యుగము ముగిసినది. దానికి హద్దులు కలవు. పాతికేండ్లు గడచినంత మాత్రమున ప్రతి పాటయు ఆ పంక్తిలో కూర్చుండజాలదు. మా పాటలకు నగరములో మిగిలిన చోటు ఇది యొక్కటి. దీనినుండియు వెడలగొట్టినచో మేమెచటికి పోవుదుము?"

రెండవ పక్షము వారి మాటయు త్రోసివేయదగినది కాదు: "1972లో మీరు పదునైదేండ్లనాటి పాటను పాతదియని ఆనందముగా వింటిరి. నేడు ఇరువదేండ్లు దాటిన మా యౌవనపు పాటను పాతది కాదనుట ఏమి న్యాయము? జ్ఞాపకములు మీ తరమునకే గలవా?" మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో కాళిదాసు, పాతదైనంత మాత్రమున కావ్యము మంచిది కాదనియు, కొత్తదైనంత మాత్రమున నింద్యము కాదనియు హెచ్చరించియుండెను. న్యూయార్కు శ్రోతల తగవునందు మంచిచెడ్డల ప్రసక్తియే లేదు. ఎవరి యౌవనము ప్రసారమునకు అర్హమైనదను ప్రశ్నయే కలదు.

ఈ తగవు తీరకముందే యాజమాన్యము ఇరుపక్షముల వారిని ఆశ్చర్యపరచెను. 2005 జూన్ 3వ తేదీ సాయంకాలము ఆ కేంద్రము 33 ఏండ్ల సంప్రదాయమును ఒక్కమారుగా విడిచి, "జాక్" అను పేరుతో క్రొత్త రూపము దాల్చెను. అందు పాటల నడుమ పలుకరించు వ్యాఖ్యాతలు లేరు. ముందుగా పట్టియుంచిన ఒక కంఠము మాత్రము చమత్కారములాడును. పలు దశాబ్దుల పాటలు కలగాపులగముగా వచ్చును. తరతరముల శ్రోతలకు ఆప్తుడైన బ్రూస్ మారో మొదలగు వ్యాఖ్యాతలకు అచట చోటు లేకపోయెను. పాత పాటలు అంతర్జాల ప్రసారమునకు తరలింపబడెను. వేలకొలది శ్రోతలు ఆగ్రహించిరి. నగర మేయరు మైకేల్ బ్లూంబర్గ్ సైతము తన అసంతృప్తిని బహిరంగముగనే వెల్లడించెను. నిన్నటివరకు పోరాడుకొన్న ఇరుపక్షముల వారు నేడు ఒక్క గొంతుకతో మొరపెట్టుకొనిరి.

మొరకన్న మౌనము బలమైనదని తరువాత తెలిసెను. శ్రోతలు రేడియో ముల్లును వేరుచోటికి త్రిప్పిరి. కేంద్రమును వినువారి సంఖ్య పడిపోయెను. రెండేండ్లు గడచిన పిదప, 2007 జూలై 12వ తేదీన, పాత పాటలు మరల ఆ యంకెపై వినవచ్చెను. కొద్దికాలమునకే ఆ కేంద్రము నగరమందు ముందువరుసలో నిలిచెను. శ్రోతలు గెలిచిరని అందరును సంతసించిరి.

గెలిచినదెవరు? తిరిగివచ్చిన జాబితా పాత జాబితా కాదు. అందు 1964 మొదలు 1989 వరకు గల పాటలే ముఖ్యములు. ఫ్రాంకీ లైమన్ నాటి పాటలు అరుదైపోయెను. "ఓల్డీస్" అనెడి మాటనే యాజమాన్యము క్రమముగా ప్రక్కకు నెట్టెను. ఆ మాట వినినంతనే ప్రకటనలిచ్చువారికి ముసలితనము గుర్తువచ్చునట! తమ కేంద్రము తిరిగివచ్చినదని పరుగున వచ్చిన 68 ఏండ్ల శ్రోత, గుమ్మము తెరచియున్నను లోపల తన కుర్చీ లేదని గ్రహించెను.

రేడియోలో ఏ పాట నిలువవలెనను తగవు మనకును క్రొత్త గాదు. 1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార శాఖామాత్యులుగా నున్నపుడు, శాస్త్రీయ సంగీతాభిరుచిని పెంచు ఉద్దేశముతో, ఆకాశవాణి నుండి సినిమా పాటలు దాదాపుగా తొలగింపబడెను. న్యూయార్కులో వర్తకుడు చేసిన పని ఇచట ప్రభుత్వము చేసెను. మన శ్రోతలు చేసినదియు న్యూయార్కు శ్రోతలు చేసినదే. ముల్లును రేడియో సిలోను వైపు త్రిప్పిరి. ఆ సంవత్సరాంతముననే సిలోను నుండి అమీన్ సయానీ కంఠముతో బినాకా గీత్‌మాలా ప్రారంభమయ్యెను. తెలుగు పాటల కొరకును తెలుగువారు ఆ కేంద్రమును వెదకుకొనిరి. తుదకు 1957 అక్టోబరు 3వ తేదీన ఆకాశవాణియే వివిధభారతిని ప్రారంభింపవలసి వచ్చెను.

ఆ రేడియో సిలోనులోనే ఒక చక్కని ఆచారముండెడిది. ప్రతి ఉదయము వచ్చు పాత హిందీ పాటల కార్యక్రమమును కె.ఎల్. సైగల్ పాటతో ముగించెడివారు. సైగల్ 1947 జనవరిలోనే మరణించెను. దశాబ్దములు గడచినను ఆ కడపటి పాట మాత్రము మారలేదు. తునకలు వినిపించి మార్కులు వేయించియున్నచో ఆ పాట ఎన్నడో తొలగిపోయియుండెడిది. అట్లు చేయకపోవుట వలన కలిగిన ఫలమేమి? సైగల్ మరణించిన పిదప పుట్టిన పిల్లలు బడికి సంచి సర్దుకొనుచు, పళ్ళెము ముందు కూర్చుండి, తాము కోరకయే ఆ కంఠమును ఎరిగిరి. వారికి ఆ పాట యౌవనపు జ్ఞాపకము కాదు, తండ్రి ఇంటిలో దొరకిన ఆస్తి.

న్యూయార్కు శ్రోతల వాదములో ఇరుపక్షముల వారును విస్మరించిన మూడవ పక్షమిదియే. పెద్దలు తమ జ్ఞాపకముల కొరకు పోరాడిరి. మధ్యవయస్కులు తమ జ్ఞాపకముల కొరకు పోరాడిరి. ఆ పాటలను ఇంకను వినని పిల్లల పక్షమున పలికినవారు అరుదు. నిజమునకు పాట తొలగిపోయినపుడు పెద్దలకు కలుగు నష్టము కొద్దియే. వారికి పాట కంఠస్థము. అంతర్జాలమున పేరు వ్రాసినచో క్షణములో దొరకును. కాని పేరే తెలియనివాడు దేనిని వెదకును? తెలిసినదానిని వెదకి యిచ్చుటకు నేడు యంత్రములు కోకొల్లలు. తెలియనిదానిని పిలువకయే ఇంటిలోనికి తెచ్చుట నాటి రేడియో చేసిన ఉపకారము. పాఠ్యగ్రంథము చేయు ఉపకారమును అట్టిదే. పోతన పద్యము కావలెనని ఏ విద్యార్థియు కోరలేదు. తరగతిలో అది వినవచ్చెను కావున, నలుబది యేండ్ల పిదప అది అతని దయ్యెను. విద్యార్థులచే మార్కులు వేయించి పాఠములనెన్నినచో ఆ పద్యము మిగులునో లేదో ఉపాధ్యాయులే చెప్పగలరు.

అట్లని పాత జాబితాను శిలాశాసనముగా చేయవలెనని కాదు. 1985 నాటి పాటకును ఒక గడప కావలెను. కొత్త తరమునకు చోటిచ్చుట న్యాయము. అయితే చోటిచ్చుటకు ముందరివారిని పూర్తిగా వెడలగొట్టవలసిన పని లేదు. ఆదివారపు రాత్రి ఒక గంటయైనను, ఉదయపు కార్యక్రమమున కడపటి పాటయైనను వారికి మిగిల్చినచో ఏ కేంద్రమును దివాలా తీయదు.

ఇటీవలి సంవత్సరములలో ఆ న్యూయార్కు కేంద్రమున 1980, 1990 దశాబ్దుల పాటలే అధికముగా వినవచ్చుచున్నవి. 1985లో 15 ఏండ్ల ప్రాయమున నుండి, తన పాటలకు చోటు కావలెనని తరువాత పెద్దలతో వాదించిన బాలునికి 2025లో 55 ఏండ్లు నిండెను. వర్తకుని ఖాతాలో అతని పేరును కొట్టివేయబడెను. నాడు పెద్దలు వ్రాసిన ఉత్తరమునే, మాట మార్పు లేకుండ, అతడు వ్రాయవలసిన దినము వచ్చినది.