రాగి చేలోకి వచ్చే ఒంటరి ఏనుగు



హోసూరు, కృష్ణగిరి, కోలారు, కుప్పం, పలమనేరు ప్రాంతాల రైతు సోదరులకు ఏనుగు కొత్త కాదు. కంకి పట్టిన రాగి చేను ఒక్క రాత్రిలో నేలమట్టమైతే ఆ ఇంటి ఏడాది తిండి పోయినట్టే. అడవిలో తిండి లేక వచ్చిందని కొందరు, మనుషుల మీద పగ పట్టిందని కొందరు అంటూంటారు. ఈ మాటల్లో నిజమెంత? ఏళ్ల తరబడి ఏనుగుల వెంట తిరిగి ఈ సంగతి పరిశీలించిన శాస్త్రవేత్త ఒకరున్నారు. ఆయన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రామన్ సుకుమార్. ఆయన పరిశోధన మనకేం చెబుతుందో ఈనాడు తెలుసుకుందాం.

సుకుమార్ 1981 నుంచి 1983 వరకు కర్ణాటకలోని చామరాజనగర్, తమిళనాడులోని సత్యమంగలం అడవుల్లో సుమారు 1,130 చదరపు కిలోమీటర్ల మేర ఏనుగులను పరిశీలించారు. మన పశువులను కొమ్ము చూసి, మచ్చ చూసి మనం గుర్తుపట్టమూ? ఏనుగులనూ అలాగే చెవి అంచు చిరుగులు, దంతాల వంపు, తోక వెంట్రుకలు చూసి విడివిడిగా పోల్చుకోవచ్చు. అవి ఏ కాలంలో ఎక్కడ తిరుగుతాయి, ఏం తింటాయి, ఎవరి చేలో ఎప్పుడు పడతాయి అన్నవే ఆయన ఓపికగా రాసుకున్న లెక్కలు.

ముందుగా తిండి సంగతి చూద్దాం. అక్కడి ఏనుగులు కనీసం 112 రకాల మొక్కలను తింటాయని తేలింది. వానలు పడి గడ్డి లేతగా ఉన్నప్పుడు గడ్డి మేస్తాయి. ఎండలకు గడ్డి ముదిరి, అందులోని మాంసకృత్తులు తగ్గగానే ఆకులు, కొమ్మలు, బెరడు వైపు మళ్లుతాయి. అంటే ఏనుగు కడుపు నింపుకోవడంతో సరిపెట్టుకోదు. సారమున్న మేతను ఏరుకుంటుంది.

మన రాగి, వరి, చెరుకు కూడా గడ్డి జాతి మొక్కలే. అడవి గడ్డికన్నా పైరులో మాంసకృత్తులు, కాల్షియం, సోడియం ఎక్కువగా ఉన్నాయని సుకుమార్ పరిశీలనలో తేలింది. పైగా అదంతా ఒక్కచోటే దొరుకుతుంది. ఇంట్లో ఎండుగడ్డి వేసినా ఆవు పలుపు తెంచుకుని పక్కవాళ్ల పచ్చటి చేలో పడుతుంది కదా! ఇదీ అంతే. అడవిలో మేత ఉన్నా ఏనుగు చేలోకి దిగవచ్చు. రాగి కంకి వేసే నెలల్లో బెడద పెరగడానికి కారణం ఇదే.

ఇక, వచ్చేది ఏ ఏనుగు? ఆడ ఏనుగులు, పిల్లలు ఒక పెద్ద ఆడ ఏనుగు వెంట మందగా నడుస్తాయి. మగవి ఈడు రాగానే మందను వదిలి చాలావరకు ఒంటరిగా తిరుగుతాయి. కన్నడంలో ఒంటి సలగ అని పిలిచేది దీన్నే. ఒక పెద్ద మగ ఏనుగు, మందలోని ఏనుగుకన్నా సగటున ఆరింతలు ఎక్కువసార్లు పొలాల మీద పడుతుందని లెక్క తేలింది. ఎందుకింత తెగింపు? మగ ఏనుగుకు ఒళ్లు, బలం ఎంత ఉంటే తోటి మగవాటిని గెలిచి సంతానం పొందే అవకాశం అంత ఎక్కువ. అందుకని మంచి మేత కోసం ప్రాణాపాయానికైనా సిద్ధపడుతుంది. తల్లి ఏనుగు పక్కన పిల్ల ఉంటుంది గనుక అది అంత సాహసం చేయదు. ఇందులో మనిషి మీద పగ ఏమీ లేదు.

అలాగని మందలు పొలాల్లోకి రావని కాదు. కరువు వచ్చినా, అడవి ముక్కలైనా, పాత దారులు మూసుకుపోయినా మందలే కొత్త చోటు వెతుక్కుంటాయి. సుమారు రెండు శతాబ్దాలపాటు ఏనుగు జాడలేని చిత్తూరు అడవుల్లోకి 1980 దశకంలో హోసూరు వైపునుంచి ఏనుగులు వచ్చాయి. వాటికోసమే 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్లలో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది.

మరి రైతుగా మీరేం చేయాలి? తెల్లవారాక, ఏనుగు దగ్గరలో లేదని తేల్చుకుని, అడుగుజాడలు చూడండి. ముందుకాలి జాడ చుట్టుకొలతను రెండింతలు చేస్తే ఏనుగు భుజం ఎత్తు సుమారుగా వస్తుంది. అది ఎనిమిదిన్నర అడుగులు దాటితే, పక్కన చిన్న జాడలు లేకపోతే, వచ్చింది పెద్ద మగ ఏనుగే కావచ్చు. చిన్నా పెద్దా జాడలు కలిసి ఉంటే అది మంద. ఈ వివరం, వచ్చిన దారి, వేళ అటవీశాఖ వారికి చెప్పండి. తరచూ వచ్చే ఒక్క మగ ఏనుగును కనిపెట్టి ఉండటం వేరు, మంద నడిచే దారిని కాపాడటం వేరు. రెండింటికీ ఒకే మందు పనికిరాదు.

రాత్రి కాపలాకు ఒంటరిగా వెళ్లకండి. ఏనుగును చుట్టుముట్టకండి, అది తిరిగి వెళ్లే దారి వదలండి. వట్టి చప్పుళ్లకు మగ ఏనుగు త్వరలోనే అలవాటుపడుతుంది. కంచెకు కరెంటు మాత్రం పెట్టకండి. అది చట్టరీత్యా నేరం. పైగా చీకట్లో ఆ తీగ తగిలేది ఏనుగుకే అన్న నమ్మకం లేదు. పొరుగు రైతుకు తగలవచ్చు, మీ బిడ్డకే తగలవచ్చు.

వచ్చేదెవరో, ఎందుకొస్తుందో తెలిస్తే సగం భయం తగ్గుతుంది. మిగతా సగానికి ఊరంతా కలిసి కాపలా కాయాలి.