జన్యువుల్లో కాపీ రాతలు

అరటి పిలకల సంగతి మా రావులపాలెం వాళ్ళకి వేరే చెప్పనక్కరలేదు. తల్లి చెట్టు పక్కన పిలక లేస్తుంది. ఆ పిలక పక్కన మరో పిలక. కర్పూర అరటి పిలక కర్పూరమే అవుతుంది గాని అమృతపాణి కాదు. జన్యువులు కూడా ఒక్కొక్కప్పుడు ఇలాగే పిలకలు వేస్తాయని, క్రోమోజోము మీద ఒక జన్యువు పక్కనే దాని నకలు ఒకటి పుడుతుందని బి.యస్సీ.లో చదివినప్పుడు నాకేమీ వింతగా తోచలేదు. వింత అనిపించింది వేరొకటి. కోట్ల సంవత్సరాలు గడిచిపోయినా కొన్ని జన్యువులూ వాటి నకళ్ళూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఎలా ఉండిపోయాయి? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. సైన్సు చదవని మిత్రులు పేజీ తిప్పెయ్యకండి. ఇందులో లెక్కలు లేవు, మనకు తెలిసిన కాపీ విద్యే ఉంది.

ముందు ఉదాహరణ. నెత్తుటికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్ అణువులో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. ఆల్ఫా గొలుసులో 141 ఎమైనో ఆమ్లాలు. దీన్ని తయారుచేసే జన్యువు మన 16వ క్రోమోజోము మీద ఒకటి కాదు, రెండున్నాయి, పక్కపక్కనే. ఒకటి ఆల్ఫా-2, మరొకటి ఆల్ఫా-1. తల్లి వైపు రెండు, తండ్రి వైపు రెండు, వెరసి మనిషికి నాలుగు. ఈ జంట పుట్టి సుమారు ఆరు కోట్ల సంవత్సరాలు అయిందని ఒక అంచనా. అంటే మనిషి పుట్టకముందు, కోతి కూడా కోతి కాకముందు మాట.

ఇంతకాలం రెండు పుస్తకాలు వేర్వేరు చేతుల్లో నకలు అవుతూ వస్తే ఏమవుతుంది? ఒకదాంట్లో ఒక తప్పు దొర్లుతుంది, మరోదాంట్లో మరో తప్పు. తాళపత్రాల పాఠాంతరాల గురించి తెలుగు శాఖ మాస్టార్లని అడిగితే రోజంతా చెబుతారు. డి.ఎన్.ఏ. విషయమూ అంతే. కాని ఈ రెండు జన్యువులూ ఇచ్చే గొలుసుల్లో ఒక్క ఎమైనో ఆమ్లం కూడా తేడా లేదు.

"ప్రకృతి వరణం వల్ల" అని కొందరు వెంటనే అంటారు. గొలుసు మారితే ప్రాణి బతకదు గనక మారినవి పోయాయి, మారనివి మిగిలాయి అని. సగం నిజమే. కాని జన్యువు మధ్యలో ఇంట్రానులని ఉంటాయి. గొలుసు తయారీలో అవి కత్తిరించి పారేసే భాగాలు. వాటిలో అక్షరం మారితే సాధారణంగా అడిగేవాడు లేడు. ఆరు కోట్ల ఏళ్ళలో ఆ ఖాళీ జాగాల్లోనైనా పదుల కొద్దీ తేడాలు కనబడాలి. కనబడవు. రెండు జన్యువుల ఇంట్రానుల మధ్య తేడాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పనిలేని చోట కూడా పోలిక చెడలేదంటే ఎవరో కూర్చుని ఒకదాన్ని చూసి రెండోది దిద్దుతున్నారన్నమాట. ఎవరు?

ఇక్కడ మన ప్రాక్టికల్ రికార్డులు గుర్తు తెచ్చుకోండి. ఇద్దరు స్నేహితులు రికార్డు పేజీలు మార్చుకుంటే ఇద్దరి దగ్గరా కొంత కొంత రెండోవాడి రాత ఉంటుంది గాని మొత్తం మీద ఏదీ పోదు. అది క్రాసింగ్ ఓవర్. అలా కాక ఒకడు తన పేజీ చించేసి, రెండోవాడి పేజీ ముందు పెట్టుకుని మక్కీకి మక్కీ దింపాడనుకోండి. ఇప్పుడు ఇద్దరి దగ్గరా ఒకే పాఠం. ఇచ్చినవాడిది చెక్కు చెదరలేదు. తీసుకున్నవాడి పాతరాత భూమ్మీద లేదు. ఇదే జీన్ కన్వర్షన్. తెలుగులో జన్యు పరివర్తన అనవచ్చు గాని, ఉత్పరివర్తనంతో కలగాపులగం అవుతుందని నేను ఇంగ్లీషు మాటే వాడుతున్నాను.

మాట పాతదే, 1930లో వింక్లర్ అనే ఆయన వాడాడు. ఋజువు బూజుల్లో దొరికింది. ఈస్టు గాని, న్యూరోస్పోరా అనే రొట్టె బూజు గాని, ఒక్క కణవిభజనలో పుట్టిన సిద్ధబీజాలన్నిటినీ ఒకే సంచిలో ఉంచుతుంది. మెండెల్ లెక్క ప్రకారం ఈస్టు సంచిలో రెండు తల్లి రకం, రెండు తండ్రి రకం ఉండాలి. అప్పుడప్పుడు మూడూ ఒకటీ వస్తున్నాయని 1953లో లిండెగ్రెన్ రాశాడు. 1955లో మేరీ మిచెల్ న్యూరోస్పోరాలో ఇలాంటిదే గట్టిగా చూపించింది. ఒక రకం అదృశ్యమై దాని చోట రెండోది వచ్చి కూర్చుంది. మెండెల్ సూత్రం చదివి నాలుగు మార్కులు తెచ్చుకున్న వాళ్ళకి ఇది మింగుడు పడదు.

కారణం మరమ్మతు. డి.ఎన్.ఏ. పోగు రెండూ తెగినప్పుడు కణం అతికించుకోవాలి. తెగిన చోట ఏ అక్షరాలుండేవో తెలియాలంటే అలాంటి పాఠమే ఉన్న మరో పోగు కావాలి. తెగిన కొస వెళ్ళి దాన్ని వెతికి పట్టుకుని, దాని పక్కన చేరి, చూసి రాసుకుంటుంది. 1983లో షోస్టాక్, ఆర్-వీవర్, రాత్‌స్టీన్, స్టాల్ నలుగురూ ఇచ్చిన నమూనా ఈ సంగతినే వివరిస్తుంది. సాధారణంగా ఆ కొస తన జోడు క్రోమోజోము మీది అదే జన్యువును పట్టుకుంటుంది. కాని పక్కనే అచ్చు అలాంటి నకలు ఒకటుంటే? పొరపాటున దాన్ని చూసి రాస్తుంది. నకళ్ళున్న జన్యు కుటుంబాల కథంతా ఈ పొరపాటులోంచే పుట్టింది. ఒక్కసారికి దిద్దుబాటయ్యేది సాధారణంగా కొన్ని వందల అక్షరాలు. లక్షల తరాల్లో మళ్ళీ మళ్ళీ జరిగితే కుటుంబమంతా ఒకే పాట పాడుతుంది. దీనికే కలిసికట్టు పరిణామం అని పేరు.

సాక్ష్యాలు చాలా ఉన్నాయి, నాకు నచ్చినవి రెండు చెబుతాను. మొదటిది 1980లో స్లైటం, బ్లెచల్, స్మితీస్ చేసిన పని. గర్భస్థ శిశువు హీమోగ్లోబిన్‌కి గామా జన్యువులు రెండున్నాయి. 136వ స్థానంలో ఒకదానిది గ్లైసీన్, ఇంకోదానిది ఎలనీన్. ఒకే మనిషిలో రెండు క్రోమోజోముల మీది ఎలనీన్ రకం జన్యువులు ఒకదాన్నొకటి పోలి ఉండాలి కదా, రెండూ అదే జన్యువు గనక. కాని కొంత మేర, ఒక క్రోమోజోము మీది ఎలనీన్ జన్యువు, అవతలి క్రోమోజోము మీది తన జోడు కంటె తన పక్కింటి గ్లైసీన్ జన్యువునే ఎక్కువ పోలి ఉంది. ఎవరి దగ్గర కాపీ కొట్టిందీ చెప్పడానికి ఇంతకన్న ఏం కావాలి?

రెండోది మన ఆల్ఫా జంటదే. హీమోగ్లోబిన్-ఐ అనే ఒక అరుదైన మార్పు ఉంది, 16వ ఎమైనో ఆమ్లం దగ్గర లైసీన్ పోయి గ్లూటమిక్ ఆమ్లం వస్తుంది. ఒకే క్రోమోజోము మీది ఆల్ఫా-1, ఆల్ఫా-2 రెంటిలోనూ అదే మార్పు ఉందని 1984లో లీబాబర్ బృందం కనిపెట్టింది. అంత అరుదైన తప్పు పక్కపక్క పుస్తకాల్లో విడివిడిగా దొర్లిందంటే ఏ ఇన్విజిలేటరూ నమ్మడు.

కాపీ విద్య మంచిదా చెడ్డదా అంటే, కణానికి ఆ విచక్షణ లేదు. మూత్రపిండాల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథిలో 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము పని చేస్తుంది. దాని జన్యువు దగ్గర్లోనే చచ్చిపోయిన నకలు ఒకటుంది, తప్పుల కుప్ప. బతికున్న జన్యువు దాన్ని చూసి రాస్తే ఆ తప్పులు ఇందులోకి వస్తాయి. పసిపిల్లలు ఒంట్లో ఉప్పు నిలవక ప్రాణం మీదికి తెచ్చుకునే జబ్బొకటి దీని వల్లే. ఆ జబ్బుకి కారణమయ్యే తప్పుల్లో ఎక్కువ భాగం చచ్చిన నకలు నుంచి దింపుకున్నవే.

ఇక సంక్రాంతికి మన వాళ్ళు చంకన పెట్టుకుని తిరిగే కోడిపుంజు ఇదే విద్యను తలకిందులు చేసి వాడుకుంటుంది. రోగాల నెదుర్కొనే ప్రతిరక్షకాల తేలిక గొలుసుకి కోడి దగ్గర పనికొచ్చే 'వి' జన్యువు ఒక్కటే. దాని పక్కన పనిచెయ్యని నకళ్ళు 25. బర్సా అనే అవయవంలో కణాలు ఈ నకళ్ళలోంచి తలో ముక్కా ఆ ఒక్క జన్యువులోకి దింపుకుంటాయి. ఒక్కో కణం ఒక్కో రకంగా. ఒకే జన్యువుతో వేల రకాల ప్రతిరక్షకాలు! 1987లో ఫ్రాన్సులో రేనో, వైల్ బృందం ఇది తేల్చారు. తేడాలు చెరిపే పనిముట్టే ఇక్కడ తేడాలు పుట్టిస్తోంది.

అయితే అన్ని జన్యు కుటుంబాలకీ ఈ తాళంచెవి పట్టదు. కాపీ కొట్టాలంటే ముందు పోలిక ఉండాలి. మధ్యలో పెద్ద ముక్క చొరబడి పోలిక చెడితే ఆ జన్యువు తన దారిన తాను పోతుంది, మళ్ళీ కలవదు. హిస్టోను జన్యువులు కలిసికట్టుగా మారతాయని చాలాకాలం పాఠాల్లో చెప్పారు. మసతోషీ నెయ్, ఆయన శిష్యులు 2000 తర్వాత లెక్కలు కట్టి, అక్కడ పోలిక నిలబెట్టేది ముఖ్యంగా ప్రకృతి వరణమేనని, నకళ్ళు పుడుతూ చస్తూ ఉంటాయని వాదించారు. నాకు ఆ వాదన సబబుగానే కనిపిస్తుంది. ఏ రెండు జన్యువులు పోలి ఉన్నా జీన్ కన్వర్షన్ అనెయ్యడం సులువు, ఇంట్రానులు చూడకుండా అనకూడదు.

ఇప్పుడు మన గోదావరి సంగతి. రావులపాలెంలో వంతెన దాటి, రాజమండ్రి మీదుగా ఉత్తరానికి పోతే మన్యం. కోయదొరల నెత్తుటిలో ఒక కొత్త హీమోగ్లోబిన్ ఉందని 1975లో డి యాంగ్, మీరాఖాన్, బెర్నిని ప్రకటించారు. దానికి ఆ జాతి పేరే పెట్టారు: హీమోగ్లోబిన్ కోయదొర. ఆల్ఫా-2 జన్యువు చివర "ఆగు" అని చెప్పే యు-ఏ-ఏ సంకేతం యు-సి-ఏ అయింది. అంటే సెరీన్. గొలుసు 141 దగ్గర ఆగక మరో 31 ఆమ్లాలు పోయి 172 దగ్గర ఆగుతుంది. ఈ పొడుగు గొలుసు చాలా కొద్దిగా తయారవుతుంది. ప్రపంచ జీవరసాయన శాస్త్ర పుస్తకాల్లో మన మన్యం పేరు ఇలా ఎక్కింది. తెలుగునాట ఎందరికి తెలుసు?

అంతకన్న ముఖ్యం, ఆంధ్ర అడవి తెగల్లో ఆల్ఫా జన్యువు ఒకటి పోయిన క్రోమోజోములు చాలా ఎక్కువ. రెండు నకళ్ళూ అంతగా పోలి ఉండడం వల్లే ఇది జరుగుతుంది. పేజీలు మార్చుకునేటప్పుడు ఒకడి ఆల్ఫా-1 మరొకడి ఆల్ఫా-2 తో జతపడితే ఒకడికి మూడు, ఒకడికి ఒకటే మిగులుతుంది. ఈ లోపాలు ఒక్క పూర్వీకుడి నుంచి వచ్చినవి కావని, పలుసార్లు విడివిడిగా జరిగిన మార్పిళ్ళ ఫలితమని ఫొడ్డె, బెర్నిని బృందం 1991లో రాశారు. అంటే జీన్ కన్వర్షన్ పోలికను కాపాడుతుంది, ఆ పోలికే జన్యువులు పోవడానికి దారి తీస్తుంది. పోయినవి నిలవడానికి కారణం మలేరియా. ఆల్ఫా లోపం ఉన్న పిల్లలకు తీవ్రమైన మలేరియా తక్కువని పపువా న్యూగినీలో, కెన్యాలో జరిగిన పరిశీలనలు చూపాయి.

దీని వల్ల ఒక చిక్కుంది. రెండు వైపులా ఒక్కొక్క జన్యువు పోయిన మనిషికి ఎర్రకణాలు చిన్నవిగా ఉంటాయి, హీమోగ్లోబిన్ కాస్త తగ్గుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఇనుము చాలని రక్తహీనతలాగే కనిపిస్తుంది. ఇనుము బిళ్ళలు ఎన్ని మింగించినా ఆ కణాలు పెద్దవి కావు. నిజంగా ఇనుము చాలని వాళ్ళూ వాళ్ళలోనే ఉంటారు, వాళ్ళకి బిళ్ళలు కావాలి. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు కూడా. ఇనుము నిల్వ కొలిస్తే ఒక సంగతి తేలుతుంది, జన్యువు చూస్తే రెండో సంగతి.

జన్యువు చూడడం మాత్రం తేలిక కాదు. ఆల్ఫా-1, ఆల్ఫా-2 ఏది ఏదో తెలిస్తే గదా ఏది పోయిందో, ఏది చెడిందో చెప్పేది! ఆల్ఫా-2 తన జోడు కంటె రెండు మూడు రెట్లు ఎక్కువ పని చేస్తుంది గనక ఆ తేడా ముఖ్యం. ప్రయోగశాల వాళ్ళకి దిక్కు జన్యువు తోక. 'ఆగు' సంకేతం దాటాక, గొలుసులోకి ఎక్కని ఆ తోక భాగంలో, రెంటికీ మధ్య డజనున్నర అక్షరాల తేడా మిగిలి ఉంది. మైకెల్సన్, ఆర్కిన్ 1983లో ఈ హద్దులు గీసి చూపించారు. కాపీ అక్కడిదాకా వచ్చి ఆగిపోయిందన్నమాట. రెంటినీ విడదీసి పట్టుకునే పరీక్షలు ఆ కాస్త తేడానే ఆసరాగా చేసుకుని నడుస్తున్నాయి.