మందు గొంతు దిగేదాకా

"పెరుగన్నంల కలిపీసినాను బాబూ. గిన్నంతా నాకీసినాది. మందు లోనికెళ్లినట్టే గదా!"

గజపతినగరం చుట్టుపక్కల కుక్కను పెంచుకునే ఇళ్లలో వినిపించే మాట ఇది. అనేవాళ్ల గొంతులో ఊరట ఉంటుంది. ఉండాలి కూడా. జ్వరంతో మూలన పడ్డ జీవి నాలుగు ముద్దలు తిన్నదంటే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. అయితే ఆ గిన్నెలో కలిపింది డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ అయితే మాత్రం మందంతా ఒంటికి పట్టినట్టు కాదు. పెరుగులోని కాల్షియం ఆ మందుతో ముడిపడిపోతుంది. ముడిపడినది పేగు గోడ దాటి రక్తంలోకి చేరదు, మలంలో బయటికి పోతుంది. పాత టెట్రాసైక్లిన్‌కు ఈ నష్టం ఎక్కువ, డాక్సీసైక్లిన్‌కు తక్కువ. తక్కువైనా నష్టం నష్టమే. డాక్టరు బరువు చూసి, లెక్క కట్టి రాసిన మోతాదుకు మనం ఇంట్లో కోత పెడుతున్నామన్నమాట.

పాలు, పెరుగు, మజ్జిగ మాత్రమే కాదు. మన ఉత్తరాంధ్ర ఇళ్లలో కుక్కకు చోడంబలి పోయడం కొత్త కాదు. చోళ్లలో కాల్షియం దండిగా ఉంటుంది, అందుకే పిల్లలకూ పెడతాం. ఈ మందు నడిచే రోజుల్లో దాన్నీ మాత్ర వేళకు దూరంగా ఉంచడం మంచిది. "బలానికి" అని పోసే కాల్షియం సిరప్పు, ఐరన్ టానిక్కు కూడా అంతే. మాత్రకూ వీటికీ మధ్య ఎంత ఎడం ఉండాలో చీటీ రాసిన డాక్టరునే అడగాలి. ఎన్రోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్స్‌కూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

డాక్సీసైక్లిన్ గురించే ఇంత సేపు చెప్పడానికి కారణం ఉంది. మన వాతావరణంలో కుక్కలను పీడించే జబ్బుల్లో గోమార్ల జ్వరానిది ముందు వరస. గోడ పగుళ్లలో, గోనెపట్టాల మడతల్లో దాక్కునే గోధుమరంగు గోమారి కుట్టినప్పుడు ఎర్లీషియా అనే సూక్ష్మజీవి కుక్క రక్తంలో చేరుతుంది. జ్వరం, నీరసం, తిండి మానెయ్యడం, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం. దీనికి ప్రపంచమంతటా వాడే మొదటి మందు డాక్సీసైక్లిన్. సాధారణంగా 28 రోజుల కోర్సు. కుక్క మాత్రం రెండు మూడు రోజుల్లోనే లేచి తోకాడిస్తుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. తోకాడిస్తున్న కుక్క నోరు బలవంతంగా తెరవడానికి చేతులు రావు. మిగిలిన మాత్రలు అటక మీదికి చేరతాయి. నాలుగు వారాల తర్వాత అదే జ్వరం తిరగబెడితే, "మందు పనిచెయ్యలేదు" అన్న నింద డాక్టరు మీద పడుతుంది.

ఈ మందు వంశం పుట్టుకలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు సారథి అయ్యారు. ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. టెట్రాసైక్లిన్ల వంశానికి అదే మూలపురుషుడు. 1948లో అది లోకానికి తెలిసింది, ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. డాక్సీసైక్లిన్ ఆ వంశంలో తర్వాతి తరం. బోదకాలుకు మనం మింగే డైఇథైల్ కార్బమజైన్ కూడా ఆయన బృందం ఇచ్చిందే. ఉత్తరాంధ్రలో ఆ మాత్రలు తెలియని ఇల్లు లేదు. ఆరోగ్య సిబ్బంది గుమ్మం ముందుకొచ్చి, "ఇప్పుడే మింగండి, నా కళ్లముందే మింగండి" అని నిలబడేవారు. చేతికిచ్చిన మాత్ర కడుపులోకి వెళ్లే తీరుతుందన్న నమ్మకం లేకనే ఆ పట్టుదల. కుక్క విషయంలో ఆ సిబ్బంది పాత్ర మనదే. (అదే బోదకాలు మాత్రను ఇంట్లో ఉంది కదా అని కుక్కకు వెయ్యకండి. గుండెపురుగు సోకి, రక్తంలో దాని పిల్లపురుగులున్న కుక్కకు ఆ మందు ప్రాణం మీదికి తెస్తుంది.)

గజపతినగరం విజయనగరం నుంచి సాలూరు పోయే రోడ్డు మీది ఊరు. చంపావతి నీళ్లు, చుట్టూ పొలాలు, పాడి. ఇలాంటి చోట్ల పశువుల ఆసుపత్రి అంటే మొదట ఆవూ గేదే ఎద్దూ మేకా. 2022 మే నుంచి రాష్ట్రంలో తిరుగుతున్న సంచార పశువైద్య వాహనాలూ, వాటికి ఫోన్ చేసే 1962 నంబరూ ప్రధానంగా పాడిరైతు కోసం వచ్చినవే. కుక్కలూ పిల్లులూ ఆ వరసలో ఇటీవల చేరుతున్నాయి. జిల్లాలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, ఇంకా పెద్ద చికిత్సకు విశాఖ ఉంది. డాక్టరు దొరకడం మునుపటంత కష్టం కాదు. చీటీ చేతికొచ్చాక ఇంట్లో జరిగేదాన్ని చూసేవాళ్లే ఎవరూ లేరు.

చాలాసార్లు ఆ చీటీ పట్టుకుని వెళ్లేది మనుషుల మందుల షాపుకే. అందులో తప్పేమీ లేదు, డాక్టరు రాస్తే అవే మందులు చాలావరకు జంతువులకూ వాడతారు. డాక్టరు రాయకుండా అడిగి తెచ్చుకోవడంతోనే వస్తుంది తంటా. యాంటీబయాటిక్ అట్ట మీద నిలువునా ఎర్ర గీత ఉంటుంది. చీటీ లేకుండా వాడొద్దన్న గుర్తుగా కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఆ గీతను జనంలోకి తీసుకెళ్లింది. అంతకుముందే, 2014 మార్చి నుంచి, కొన్ని బలమైన యాంటీబయాటిక్స్‌ను షెడ్యూల్ హెచ్1లో చేర్చారు. వాటిని అమ్మిన షాపు రాసిచ్చిన డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి.

మనుషుల సిరప్పు ఇచ్చేటప్పుడు ఇంకో ప్రమాదం. తీపి కోసం కొన్నిట్లో జైలిటాల్ కలుపుతారు. మనకు అది హాని చెయ్యదు, కుక్కకు మాత్రం రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొట్టే విషం. సీసా మీద చదవాలి, అర్థం కాకపోతే షాపువాణ్ణి అడగాలి. యాంటీబయాటిక్‌తోపాటు జ్వరానికని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ ముక్క పిల్లికి వేసేవాళ్లున్నారు. పిల్లికి పారాసెటమాల్‌లో సురక్షితమైన మోతాదు అంటూ లేదు. మనం తలనొప్పికి వేసుకునే ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తియ్యగలదు. ఈ ఒక్క వాక్యం పిల్లి ఉన్న ప్రతి ఇంటి గోడ మీదా రాసుకోవాలనిపిస్తుంది నాకు.

పిల్లి చిన్న కుక్క కాదు. దాని కాలేయం పనితీరు వేరు, గొంతు తీరు వేరు. ఎన్రోఫ్లాక్సాసిన్ రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు మించితే పిల్లి కంటిచూపే పోవచ్చు. ఎదిగే వయసు కుక్కపిల్లల్లో అదే మందు కీళ్ల మృదులాస్థిని దెబ్బతీస్తుంది, పెద్ద జాతుల్లో ఈ జాగ్రత్త ఏడాది పైబడే దాకా. అందుకే డాక్టరు దగ్గర వయసు చెప్పాలి, బరువు చూపించాలి. "ఓ పది కిలోలుంటాదండి" అన్న అంచనా చాలదు. ఇంట్లో బరువు మిషను ఉంటే ముందు మీరొక్కరే ఎక్కండి, తర్వాత పిల్లిని ఎత్తుకుని ఎక్కండి, తేడా దాని బరువు. కడుపుతో ఉందా, పాలిస్తోందా, ఇంతకుముందు ఏ సూదికైనా మొహం వాచిందా, మూర్ఛలున్నాయా, ఇంకేం మందులు నడుస్తున్నాయి, అన్నీ చెప్పాలి.

ఇక మాత్ర వేసే పని. తిండితో ఇవ్వాలా, ఖాళీ కడుపున ఇవ్వాలా అన్నది మొదట తెలుసుకోవాలి. అమోక్సిసిల్లిన్–క్లావులానిక్ ఆమ్లం, సెఫాలెక్సిన్ లాంటివి తిండితో ఇస్తే వాంతులు తగ్గుతాయి. తిండితో ఇవ్వొచ్చంటే గిన్నెడు అన్నంలో కలపకండి. గిన్నెలో సగం మిగిలితే మందులో ఎంత పోయిందో మీరు చెప్పలేరు. ఉడికించిన కోడిమాంసంతోనో గుడ్డుతోనో ముళ్లు తీసిన చేపతోనో మూడు చిన్న ముద్దలు చెయ్యండి, ఉప్పూ కారం ఉల్లీ లేకుండా. మొదటిది ఉత్తది, రెండోదాంట్లో మాత్ర, మూడోది మళ్లీ ఉత్తది. మూడోది కళ్ల ముందే ఆడిస్తుంటే కుక్క రెండోదాన్ని నమలకుండా మింగేస్తుంది. మెట్రోనిడజోల్ మహా చేదు. పొడి చేసి కలిపితే నోట్లోంచి నురగ కార్చుకుంటుంది, ఆ తర్వాత ఆ గిన్నె దగ్గరికే రాదు. డాక్టరు సరేనంటే తప్ప మాత్ర నూరొద్దు, క్యాప్సూల్ విప్పొద్దు.

పిల్లిని పాత తువ్వాలులో కాళ్లు బయటికి రాకుండా చుట్టి ఒళ్లో పెట్టుకోవాలి. ఒక చేత్తో తలను పైనుంచి పట్టి కొంచెం పైకెత్తితే కింది దవడ దానంతటదే కాస్త తెరుచుకుంటుంది. రెండో చేత్తో దవడ దించి, మాత్రను నాలుక వెనక భాగాన వదలాలి. అక్కడితో అయిపోయిందనుకోవద్దు. పిల్లి గొంతులో పొడి మాత్ర నిమిషాల తరబడి ఇరుక్కుని ఉంటుంది. డాక్సీసైక్లిన్, క్లిండమైసిన్ అలా ఇరుక్కుంటే అన్ననాళం పుండుపడుతుంది, మానాక ముడుచుకుపోయి తిండే దిగని స్థితి వస్తుంది. మందు వల్ల వచ్చే ఈ కొత్త జబ్బు పాత జబ్బు కంటే దారుణం. కాబట్టి మాత్ర వెనకాలే సూది లేని సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల నీళ్లు బుగ్గ పక్కనుంచి కొద్దికొద్దిగా పట్టాలి, లేదా వెంటనే ఇష్టమైన తిండి పెట్టాలి. ద్రవ మందైనా అంతే, పక్కనుంచి, నెమ్మదిగా, మింగే వ్యవధి ఇస్తూ. తల వెనక్కి విరిచి ఒక్కసారిగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రోజుకు రెండుసార్లు అంటే పన్నెండు గంటలకోసారి. అమోక్సిసిల్లిన్, సెఫాలెక్సిన్ వంటివి రక్తంలో తగినంత ఉన్నంతసేపే పనిచేస్తాయి. పొద్దున తొమ్మిదికి ఒకటి, మధ్యాహ్నం రెండుకి ఇంకొకటి వేసేస్తే రాత్రంతా సూక్ష్మజీవికి సెలవిచ్చినట్టే. పొలం పనులకో ఉపాధి పనులకో పొద్దున్నే వెళ్లిపోయే ఇళ్లలో ఇది కష్టమని నాకు తెలుసు. ఆ కష్టాన్ని డాక్టరుకు చెప్పండి, కొన్ని జబ్బులకు రోజుకొక్కసారి వేసే మందు ఉండొచ్చు. ఒక వేళ తప్పితే గుర్తొచ్చాక వెయ్యండి. తర్వాతి మోతాదు వేళ దగ్గరపడితే దాన్నే వెయ్యండి, రెండూ కలిపి మాత్రం వద్దు. మాత్ర వేసిన కాసేపటికే కక్కితే మళ్లీ వెయ్యాలా వద్దా అన్నది ఫోన్ చేసి అడగాల్సిన సంగతి. మొహం వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఎగపోసినా, తూలి పడుతున్నా మందు ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి. పిల్లి రెండు రోజులు తిండి ముట్టకపోతే అదే ఒక అత్యవసరం, దాని కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది.

కోర్సు పూర్తి చెయ్యాలన్న మాట చిన్నప్పటి నుంచీ విన్నాం. దానర్థం ఎన్ని ఎక్కువ రోజులు వాడితే అంత మంచిదని కాదు. కుక్కల్లో మామూలు మూత్రాశయపు ఇన్ఫెక్షన్‌కు 3 నుంచి 5 రోజులు చాలని 2019లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒకప్పుడు దానికే రెండు వారాలు వాడేవారు. గోమార్ల జ్వరానికి నాలుగు వారాలు, దీనికి మూడు నుంచి ఐదు రోజులు. ఎక్కడ ఆపాలన్నది జబ్బును బట్టి డాక్టరు నిర్ణయం. అలాగే ప్రతి విరేచనానికీ ప్రతి దగ్గుకూ యాంటీబయాటిక్ అక్కర్లేదు. కుక్కలకొచ్చే పార్వో, వైరస్ వల్ల కలిగే జబ్బు. అందులో యాంటీబయాటిక్ ఇస్తే వైరస్‌ను చంపడానికి కాదు, దెబ్బతిన్న పేగుల్లోంచి రక్తంలోకి చొరబడే సూక్ష్మజీవుల్ని ఆపడానికి. డాక్టరు "ఇప్పుడు యాంటీబయాటిక్ వద్దు" అంటే అది వైద్యం చెయ్యకపోవడం కాదు. "ఏటీ రాయలేదు, ఈ డాక్టరుకి ఏటీ తెల్దు" అని మరో చోటికి వెళ్లేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అలాంటి ఒత్తిడికి లొంగి రాసేవాళ్లూ ఉన్నారు.

అక్కర్లేని యాంటీబయాటిక్ వాడకం మన ఇంటి కుక్కతోనే తేలిపోయే విషయమూ కాదు. 2016–18 మధ్య అమెరికాలో పెంపుడు జంతువుల దుకాణాల కుక్కపిల్లల నుంచి మందులకు లొంగని కాంపైలోబాక్టర్ అనే సూక్ష్మజీవి మనుషులకు సోకింది. 18 రాష్ట్రాల్లో 118 మంది జబ్బుపడ్డారు. ఆరా తీసిన 149 కుక్కపిల్లల్లో 142 యాంటీబయాటిక్స్ తీసుకున్నవే. వాటిలో సగానికి పైగా కుక్కపిల్లలకు జబ్బేమీ లేకుండానే, ముందుజాగ్రత్త పేరుతో వేశారు. మన దేశం 2019 జులైలో కోలిస్టిన్‌ను తిండికి పెంచే జంతువుల్లో నిషేధించిందీ ఈ భయంతోనే. మనిషికి చిట్టచివరి ఆసరాగా మిగిలిన మందు అది. మన ఇళ్లలో కుక్క వాకిట్లోనే పడుకుంటుంది, పిల్లి మంచం ఎక్కుతుంది, పసివాళ్లు వాటి మొహం నిమిరి అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. మందు వేశాక, గిన్నె కడిగాక, మలం ఎత్తాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గర్భిణులూ పసిపిల్లలూ ఆ పనికి దూరంగా ఉంటే మేలు.

వీధికుక్కల సంగతి ఇంకా కష్టం. బస్సులు ఆగే చోటనో టీకొట్టు దగ్గరో ఒక కుక్కకు పుండయిందని దయతలిచి బిస్కెట్‌లో మాత్ర దూర్చి విసురుతారు. తిన్నది అదేనా, పక్కదా? రేపు అదే వేళకు అక్కడ ఉంటుందా? రోజూ వచ్చి, చేత్తో తినిపించే మనిషి ఒకరు బాధ్యత తీసుకోగలిగితేనే మాత్రలు మొదలుపెట్టాలి. లేకపోతే డాక్టరుకు ఉన్న సంగతి చెప్పి, సూది మందుతోనో పుండు కడిగి కట్టు కట్టడంతోనో నడిచే దారేదైనా ఉందేమో అడగాలి.

నీళ్లు కలిపే పొడి సీసాలు చాలావరకు కలిపిన రోజు నుంచి వారం పది రోజులకు మించి పనికిరావు, ఫ్రిజ్‌లో ఉంచమంటే ఫ్రిజ్‌లోనే ఉంచాలి. కలిపిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి. మిగిలిన మాత్రలు పక్కింటి కుక్క కోసం దాచకండి, చెరువులోకో కాలవలోకో విసరకండి. తీసుకుంటారేమో మందుల షాపులో అడగండి. తిరిగి చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు చీటీతోపాటు ఖాళీ అట్టలూ పట్టుకెళ్లండి. ఎన్ని మాత్రలు పోయాయో, ఏ రోజు కక్కిందో క్యాలెండరులో రాసిన గీతలు చూపిస్తే, మందు మార్చాలా కొనసాగించాలా అన్నది డాక్టరు అక్కడికక్కడే తేల్చగలరు.