అరచేతి కొలతన కత్తి

అడవి చదువుకు వాడే చిన్న కత్తిలో పొడవు, వాలు, బరువు, పిడి దేనికదే లెక్క. ఆ లెక్క తెలిస్తే గొడ్డలి దాకా ఏ చేతి పనిముట్టునైనా అంచనా కట్టొచ్చు.

కత్తి బ్లేడు ఎంత పొడవుండాలి? కెనడాలో దశాబ్దాలపాటు బుష్‌క్రాఫ్ట్ నేర్పిన మోర్స్ కొచాన్‌స్కీ దీనికి అంగుళాల్లో జవాబివ్వలేదు. ఎవరి అరచేయి ఎంత వెడల్పో వాళ్ల కత్తి అంత పొడవుంటే మేలన్నారు. అడవిలో దొరికే కర్ర, బెరడు, నారతోనే గూడు కట్టుకుని, నిప్పు రాజేసుకుని, గరిటె దగ్గర్నుంచి ఉచ్చు దాకా సొంతంగా చేసుకునే విద్య బుష్‌క్రాఫ్ట్. అందులో కత్తికి నరికే పని తక్కువ, చెక్కే పని ఎక్కువ. బ్లేడు పొడుగయ్యేకొద్దీ మొన వేళ్లకు దూరమై అదుపు సడలుతుంది. సినిమా వీరుడు తిప్పే రంపపు పళ్ల బారు కత్తికి ఇక్కడ చోటు లేదు.

చవక కత్తి, ఖరీదు కత్తి

1891లో ఫ్రాస్ట్ ఎరిక్ ఎర్సన్ అమెరికా నుంచి స్వీడన్‌కు తిరిగొచ్చి, మోరా దగ్గర ఒస్ట్నోర్‌లో దుంగలు మోసే స్లెడ్జి బళ్ల తయారీ మొదలుపెట్టారు. పక్కపనిగా వచ్చిన కత్తులే చివరికి నిలిచాయి. ఈనాటికీ మోరా కత్తి కూలి మనిషి కొనగలిగే పనిముట్టే. సుమారు వందేళ్ల తర్వాత బ్రిటన్‌లో, టీవీ కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్న రే మియర్స్ కోసం అలన్ వుడ్ చేత్తో ‘వుడ్‌లోర్’ కత్తి చేశారు. అది కావాలంటే డబ్బుతోపాటు ఓపికా ఉండాల్సి వచ్చేది. ధరలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఆకారంలో మాత్రం రెండూ దగ్గరి చుట్టాలు. చేతిపని కొత్త ఆకారం కనిపెట్టలేదు. మందం, బరువు, పిడి సర్దడంలోనే దాని విలువ.

ఒక్కటే వాలు

వంటింటి కత్తికి చివర్లో ఉండే రెండో చిన్న వాలు ఈ కత్తులకు ఉండదు. రెండు పక్కలా వెడల్పాటి వాలు ఒక్కటే. అవి కలిసే చోట కోణం 20 నుంచి 25 డిగ్రీల మధ్య. కర్ర మీద ఆ వాలును ఆనిస్తే కోత ఎంత లోతు పోతుందో చేతికి తెలుస్తుంది. సానరాయి మీద ఆనిస్తే కోణం దానంతటదే కుదురుతుంది. అయితే ఆ పలుచని అంచు ఎముకకు తగిలితే పెచ్చు లేస్తుంది. వుడ్‌లోర్‌కున్న 4 మిల్లీమీటర్ల మందం కర్ర చీల్చేటప్పుడు బలం, ఉల్లిపాయ తరిగేటప్పుడు ఆటంకం.

బరువు ఎక్కడుండాలి?

కత్తిని చూపుడువేలి మీద అడ్డంగా నిలపండి. పిడీ బ్లేడూ కలిసే చోట ఎటూ ఒరగకుండా నిలిచిందంటే చెక్కుడు పనికి కుదిరినట్టే. ముందు బరువెక్కువైతే ప్రతి కోతలోనూ మణికట్టు దాన్ని మోయాలి. బలం కోసం ఉక్కును పిడి చివరిదాకా పంపితే వెనక బరువెక్కుతుంది. అందుకే పిడి చెక్కల కింద, ఎవరికీ కనపడని చోట, ఉక్కుకు బెజ్జాలు వేస్తారు, లేదా వెనక్కి పోయేకొద్దీ పలచన చేస్తారు.

గొడ్డలిది వేరే న్యాయం. దాని బరువు తలలోనే ఉండాలి. వేగంగా పడే ఆ బరువే నరుకుతుంది, చేతులు దారి చూపుతాయి. అక్కడ చూడాల్సింది పదును అంచూ కామా ఒకే గీతలో ఉన్నాయా అని. లేకపోతే దెబ్బ పడగానే తల పక్కకు తిరుగుతుంది.

మళ్లీ కత్తి దగ్గరికొస్తే, పిడి గుండ్రంగా కాక కోలగా ఉంటే చీకట్లో కూడా పదును ఎటుందో అరచేతికి తెలుస్తుంది. వేళ్ల కోసం తీర్చిన గుంటలు కొట్లో ముచ్చటగా ఉంటాయి. పట్టు మార్చగానే వాటి గట్లే బొబ్బలు లేపుతాయి.

నిప్పు దగ్గరి నేర్పు

చేత్తో కత్తులు చేసేవాళ్లు ఇష్టపడే ఓ-1 ఉక్కులో కార్బన్ సుమారు 0.9 శాతం. దాన్ని 800 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి నూనెలో ముంచుతారు. చిన్న కొలిమి దగ్గర అయస్కాంతమే కొలమానం: 770 డిగ్రీల దగ్గర ఉక్కు దానికి అంటుకోవడం మానేస్తుంది, ఇంకాస్త కాలిస్తే చాలు. ముంచిన కత్తి కిందపడితే విరిగేంత పెళుసు. మళ్లీ 200 డిగ్రీల దగ్గర ఉంచి ఆ పెళుసు తీస్తారు. మన కమ్మరులు పాయనం పెట్టడం అనేది ఈ విద్యనే. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు తీసేవారు. దానికోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవారు. సుమారు 1.5 శాతం కార్బన్ ఉన్న అలాంటి ఉక్కును వేడి మీరనిస్తే సమ్మెట కింద ముక్కలవుతుంది.

ముందు ఏది కొనాలి?

చేత్తో కత్తి చేసే వ్యక్తి మొదట అడిగేవి మన అలవాట్లే: అరచెయ్యి ఎంత, ఏ పని ఎక్కువ, ఏ పట్టులో చెయ్యి నొప్పెడుతుంది? వాటికి జవాబు పాత కత్తిని అరిగేదాకా వాడినవాళ్ల దగ్గరే ఉంటుంది. కాబట్టి మొదట చవక కత్తే కొనండి. అందులో ఏం మార్చాలో మీ చేతికి తెలిశాక ఖరీదైన కత్తికి డబ్బు పెట్టడం న్యాయం. అంతకుముందు పెడితే అది అలంకారానికి కొన్న వస్తువే.