సముద్రము వ్రాయుచున్న పద్దు

నెల్లూరు తీరమునకు గాలివాన కొత్త చుట్టము కాదు. 1927 నవంబరులో నెల్లూరును పెల్లగించిన తుపాను, 1984 నవంబరులో శ్రీహరికోటయొద్ద తీరము దాటిన తుపాను, 1989 నవంబరులో కావలియొద్ద విరుచుకొనిపడిన తుపాను ఈ మండలచరిత్రలో చెరగని గుర్తులు. 2020 నవంబరులో నివర్ తుపాను దక్షిణమున పుదుచ్చేరిచెంత తీరము దాటియు నెల్లూరును తడిపి ముద్దచేసెను. 2023 డిసెంబరులో మిచాంగ్ ఈ తీరమును ఒరసికొనుచు పోయి బాపట్లయొద్ద నేలనెక్కెను. 2022లో జిల్లాలు విభజింపబడి శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరినది. కాగితముపై గీచిన ఆ గీతను గాలివాన లెక్కచేయదు.

పూర్వులు దీనినెల్ల దైవికమనిరి. రేపటి మబ్బును నేడు చూపగల యంత్రము వారికి లేదు. కావున వారినట్లనిపించినది అజ్ఞానమే కాని అలసత్వము కాదు. నేటి నాయకులకు ఆ సాకు లేదు. ఐక్యరాజ్యసమితి పక్షమున ఏర్పడిన వాతావరణ నిపుణమండలి 2021లో ప్రకటించిన నివేదికనుబట్టి, 1901 మొదలు 2018 వరకు లోకమున సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినది. మన కేంద్ర భూవిజ్ఞానశాఖవారే 2020లో వెలువరించిన గ్రంథమున, 1951 మొదలు 2015 లోపల హిందూమహాసముద్రపు ఉష్ణమండలజలములు ఒక డిగ్రీ వేడెక్కినవనియు, ఆ సముద్రపు ఉత్తరభాగమున మట్టము 1993 తరువాత ఏటేట 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుచు వచ్చినదనియు చెప్పబడినది. ఏటికి మూడు మిల్లీమీటర్లా యని నవ్వువారు నవ్వవచ్చును. వడ్డీ చిన్నదైనను తీర్చనివానికి అసలును మించిపోవునని అప్పుచేసిన రైతు ఎరుగును.

వేడెక్కిన సముద్రము తుపానునకు బలమిచ్చును. వేడెక్కిన గాలి మరింత నీటిని మోసికొనివచ్చి కుండపోతగా క్రుమ్మరించును. ఎత్తెక్కిన మట్టమునుండి లేచిన ఉప్పెన మరింత లోపలికి చొచ్చును. ఉప్పెన రాని దినములందును ఉప్పునీరు ఊరకుండదు. ఏటిముఖముల వెంబడి పైకెగబ్రాకి, భూగర్భమందలి తీపినీటిని వెనుకకు నెట్టి, వరికయ్యలను చవిటిపఱ్ఱలుగా మార్చును. పెన్న డెల్టాయందలి వరియు, తీరమందలి రొయ్యల గుంటలును, పాలెములలోని పడవలును, కృష్ణపట్టణపు రేవును ఒకే నీటిఅంచున నిలిచియున్నవి. ఒకటి మునిగినచో తక్కినవి నిలుచునను భరోసా లేదు.

ముప్పు సముద్రమునుండియే రానక్కరలేదు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ పల్లెలను తుడిచిపెట్టెను. ఆ దినములలోనే పెన్న పొంగి నెల్లూరు పరిసరములను ముంచెను. పడుగుపాడుయొద్ద ఇనుపదారి కొట్టుకొనిపోయెను. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు జాతీయ రహదారి తెగెను. అన్నమయ్య ప్రాజెక్టు అయిదు తలుపులలో ఒకటి తెరచుకొనలేదని నాటి కేంద్రమంత్రి రాజ్యసభలో చెప్పగా, రాష్ట్రప్రభుత్వమువారు దానిని ఖండించి, కనివిని యెరుగని వరదయే కారణమనిరి. కనివిని యెరుగని వరదలు రాగలవని శాస్త్రజ్ఞులు ఏండ్లతరబడి చెప్పుచునేయున్నారు గదా! అట్టి వరదకు సిద్ధపడుటయే కదా పాలకుని పని!

న్యాయముగా చెప్పవలసిన మాట ఒకటి కలదు. ప్రాణరక్షణయందు మన ప్రభుత్వములు నేర్చుకొన్నవి. 1977 దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి తక్కువగాక మరణించిరి. 1989లో కావలి తుపాను అత్యుగ్రమైనదైనను ఆంధ్రదేశమున మృతులసంఖ్య వందకు లోపున నిలిచినది. ఒడిశాలో 1999 తుపాను పదివేలమంది వరకు పొట్టనబెట్టుకొనగా, 2013లో వచ్చిన ఫైలిన్ నాడు మృతులు యాభైకి లోపే. హెచ్చరికలు, తుపాను రక్షణగృహములు, ముందుగా జనమును తరలించుట - ఇవి నాయకులు తలచుకొన్నందున జరిగినవి. తలచుకొన్నచో జరుగునని దీనివలన తేటపడుచున్నది.

అయినచో ప్రాణములను కాపాడినవారు బ్రతుకుతెరువులను ఏల కాపాడలేకున్నారు? కారణము దాచవలసినది కాదు. శవములను మరునాడే లెక్కింతురు, పత్రికలు వ్రాయును, మంత్రి సమాధానము చెప్పుకొనవలెను. పంట పోయినవాని అప్పు మూడేండ్లకు పండును. అప్పటికి శాసనసభ మారియుండును. సముద్రము నూరేండ్ల పద్దు వ్రాయుచుండగా మన నాయకులు అయిదేండ్ల పద్దు వ్రాయుచున్నారు. ఆ రెండింటి నడుమనున్న వ్యత్యాసమును తీరవాసి తన కష్టార్జితమునుండి చెల్లించుచున్నాడు.

ఎవరు చెల్లించుచున్నారో చూడుడు. నేల యజమానిది, చెమట కౌలుదారునిది. పంట మునిగిననాడు పరిహారమునకు కాగితమున్నవాడే ముందు నిలుచును. 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు పత్రమిచ్చెదననెను గాని, దానికి యజమాని సంతకము కావలెననెను. సంతకము పెట్టిన భూమి చేజారునేమోయని యజమాని జంకును. సంతకములేని కౌలుదారు వడ్డీవ్యాపారివాకిట నిలుచును.

ఇక నాయకులు చేసినదేమి? 1991 నాటి తీరనియంత్రణ నిబంధనలు పల్లెప్రాంతములలో పోటురేఖకు 200 మీటర్లలోపల కొత్త కట్టడములు కూడదనెను. 2019 నిబంధనలు జనసాంద్రత హెచ్చుగానున్నచోట ఆ హద్దును 50 మీటర్లకు కుదించెను. జనమెక్కువగానున్నచోటనే రక్షణను తగ్గించు తర్కము మాకు బోధపడలేదు. ఈ మండలములోని రొయ్యల గుంటలను, సాంప్రదాయికమైనవి తప్ప, తొలగింపుమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. పార్లమెంటు 2005లో చట్టముచేసి వానిని నిలబెట్టి, 2023 సవరణచే ఆ అనుమతికి మరింత బలము చేకూర్చెను. గుంటలపై బ్రతుకువారు లక్షలు. వారిని వెళ్లగొట్టుమని మేమనము. వారి నష్టభయమునకు లెక్క కట్టకయే అనుమతులిచ్చుట తప్పనుచున్నాము.

కృష్ణపట్టణపు చెంత ప్రభుత్వరంగమున 2400 మెగావాట్ల దామోదరం సంజీవయ్య కేంద్రమును, పైగా ప్రైవేటు కేంద్రములును బొగ్గును కాల్చుచున్నవి. అక్కడనే 2007లో అనుమతింపబడిన 4000 మెగావాట్ల మహావిద్యుత్కేంద్రము, ఇండోనేషియా బొగ్గు ధరలనిబంధనలు మార్చగానే ఆగిపోయెను. పరదేశపు బొగ్గుధరయే లెక్కలోనికి రానిచోట, సముద్రపు ధర ఎవరు లెక్కింతురు?

ధనికరాజ్యముల అపరాధము ఇందులో గొప్పది. 2006లోనే నికొలస్ స్టెర్న్, ఉపేక్షించినచో లోకాదాయమున నూటికి 5 మొదలు 20 వంతులవరకు నష్టమనియు, నివారణకు నూటికి ఒకవంతు చాలుననియు లెక్కచెప్పెను. ఏటికి పదివేల కోట్ల డాలర్ల సహాయమును 2020 నాటికి అందింతుమని 2009లో కోపెన్‌హేగెనులో పలికినవారు 2022కు గాని మాట చెల్లింపలేదు. 2024లో బాకూలో 2035 నాటికి ముప్పదివేల కోట్లనగా, అది చాలదని మన ప్రతినిధులు సభలోనే నిరసించిరి. అది యుక్తమే. కాని బాకూలో న్యాయమడిగినవారు నెల్లూరులోను న్యాయము చేయవలెను.

మా కోరిక స్వల్పము. తీరమున ఏ రేవునకుగాని, కర్మాగారమునకుగాని, గుంటలకుగాని అనుమతి నిచ్చుటకు ముందు, ముప్పదేండ్లలో సముద్రమువలన, వరదవలన కలుగగల నష్టమెంతయో, దానిని భరించువారెవ్వరో తెలుగున వ్రాసి గ్రామసభయందు చదువవలెను. పరిహారము పొలము దున్నినవానికి గ్రామమువారి సాక్ష్యముపై ఈయవలెను. జలాశయముల తలుపులు, కట్టలు, మురుగుకాలువలు వానకాలమునకు ముందే తనిఖీచేసి, ఆ నివేదికను ఏటేట శాసనసభ ముందుంచవలెను. ఇవి లేనిచో ప్రతి తుపాను తరువాత ప్రకటించు సహాయము గతజలసేతుబంధనమే.

పెన్నయొడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిలులో గాంధీజీ ఆశ్రమమును ప్రారంభించినపుడు ఈ మండలవాసులు కోరినది తమ లెక్కను తామే చూచుకొను హక్కు. ఆ హక్కు వచ్చినది. ఓటడుగ వచ్చు ప్రతి అభ్యర్థిని, ఏ కక్షివాడైనను సరే, తీరవాసులు ఒక్క ప్రశ్న అడుగవలెను: సముద్రము వ్రాయుచున్న ఈ పద్దు మీరెన్నడైన చూచితిరా?