మోనో పాట – స్టీరియో పాట

వంటింట్లో పని చేసుకుంటూ, ఒక చెవికి మాత్రం ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాటలు వినే అలవాటు మనలో చాలామందికి వుంది. రెండో చెవి కుక్కరు విజిలుకీ, వీధి గుమ్మంలో పిలుపుకీ వదిలిపెట్టాలి కదా! అలా వింటున్నప్పుడు ఒక్కోసారి చిత్రం జరుగుతుంది. వాద్యాలు ధణధణ మోగుతుంటాయి గాని, పాడేవాళ్ళ గొంతు ఎక్కడో గోడ అవతలి నుంచి వస్తున్నట్టుంటుంది. ఫోను చెడిపోలేదు, చెవీ చెడిపోలేదు. ఆ పాటను కూర్చినప్పుడే గొంతును ఒక పక్కకీ, వాద్యాలను మరో పక్కకీ పెట్టారన్నమాట. 1960 దశకంలో ఇంగ్లండులో వచ్చిన బీటిల్స్ వారి పాటల్లో ఇది బాగా తెలుస్తుంది. ఒకే పాటకు మోనో, స్టీరియో అని రెండు రూపాలు ఎందుకు వచ్చాయో, అవి రెండూ ఒకటేనా కాదో ఇవాళ చెప్పుకుందాం.

పాడడం, వాయించడంతో రికార్డింగు పూర్తికాదు. గొంతు ఎంత పైకి వినిపించాలి, డ్రమ్ము ఎంత అణగాలి, గిటారు ఎక్కడ తేలాలి అని పాళ్ళు చూసి కలపాలి. దాన్నే మిక్సింగు అంటారు. మోనోలో అంతా కలిసి ఒకే ధార. ఎన్ని స్పీకర్లు పెట్టినా అన్నింటిలోంచీ అదే వస్తుంది. స్టీరియోలో ఎడమకొకటి, కుడికొకటి రెండు ధారలు. రెంటికీ సమానంగా ఇచ్చిన ధ్వని మధ్యలో నుంచి వస్తున్నట్టు, ఒకదానికే ఇచ్చింది ఆ పక్క నుంచి వస్తున్నట్టు తోస్తుంది.

మన మాటల్లో చెప్పాలంటే మోనో పులిహోర, స్టీరియో విస్తట్లో వడ్డన. విస్తట్లో పచ్చడికి ఉప్పెక్కువైతే పక్కకి తోసి మిగిలింది తినవచ్చు. పులిహోరలో చింతపండు ఎక్కువైతే మాత్రం తప్పించుకునే దారి లేదు. అందుకని మోనో కలపడం తేలికనుకోకండి. అన్ని ధ్వనులూ ఒక్కచోటే వుంటాయి, అయినా ఒకదాన్నొకటి మింగెయ్యకూడదు.

స్టీరియో అప్పటికి కొత్తదేమీ కాదు. ఇ.ఎం.ఐ. కంపెనీలో పనిచేసిన అలన్ బ్లమ్లీన్ అనే ఇంజనీరు 1931లోనే దానికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. స్టీరియో గ్రామఫోను రికార్డులు 1958 ప్రాంతంలో బజారుకెక్కాయి. అయినా కుర్రకారు చేతుల్లో వున్నవి ఒకే స్పీకరు వున్న రికార్డు ప్లేయర్లు, చిన్న ట్రాన్సిస్టర్లూను. కాబట్టి పాప్ పాట అంటే మోనోయే అని కంపెనీలవారి లెక్క.

1963 ఫిబ్రవరి 11న లండనులో, అబ్బీ రోడ్‌లోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో, బీటిల్స్ తమ మొదటి ఆల్బమ్ 'ప్లీజ్ ప్లీజ్ మీ' కోసం ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేశారు. అక్కడి టేపు యంత్రానికి రెండే ట్రాకులు. నిర్మాత జార్జి మార్టిన్ ఒకదాని మీద గొంతులు, రెండోదాని మీద వాద్యాలు పట్టించాడు. తర్వాత తీరిగ్గా పాళ్ళు చూసుకుని రెంటినీ కలిపి మోనో చెయ్యాలని ఆయన ఉద్దేశం. గొంతులు ఒక చెవిలో, గిటార్లు మరో చెవిలో వినిపించాలని కాదు. గాని స్టీరియో రికార్డు కూడా వెయ్యాల్సి వచ్చేసరికి ఆ రెండు ట్రాకులే రెండు పక్కలయ్యాయి. ఎడమ చెవికి మాత్రం ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే మనకు దక్కేది వాద్యాలే.

నాలుగేళ్ళు గడిచాక కూడా పద్ధతి అంతగా మారలేదు. 1967లో వచ్చిన 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' ఆల్బమ్‌కు ఎంతో పేరు. దాని మోనో మిక్సింగుకు బీటిల్స్ స్వయంగా కూర్చుని, ఇది పెంచండి, అది తగ్గించండి అని దగ్గరుండి చేయించుకున్నారు. స్టీరియో మాత్రం వాళ్ళు లేకుండా మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ కొద్దిరోజుల్లో ముగించారు. లోకమంతా దశాబ్దాలపాటు విన్నది ఎక్కువగా ఆ రెండోదాన్నే!

తేడా ఎంతని అడుగుతారేమో. అందులో 'షీజ్ లీవింగ్ హోమ్' అనే పాట వుంది. ఇల్లాళ్ళకి గుండె పట్టేసే పాట. తెల్లవారుజామున ఒక అమ్మాయి ఉత్తరం రాసిపెట్టి, చప్పుడు చెయ్యకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. తల్లి లేచి ఆ ఉత్తరం చూస్తుంది. పత్రికలో వచ్చిన ఒక వార్త చదివి పాల్ మెకార్ట్నీ దీన్ని మొదలుపెట్టాడు. బీటిల్స్‌లో ఒక్కరూ ఇందులో వాద్యం ముట్టలేదు. అంతా తంత్రీవాద్యాలు, వాటికి ముందు హార్పు. ఆ హార్పు వాయించినావిడ షీలా బ్రామ్‌బర్గ్.

మోనోలో ఈ పాట టేపును కాస్త వేగంగా తిప్పారు. టేపు వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది. హార్మోనియంలో ఒక మెట్టు పక్కకి జరిగినంత అనుకోండి. నిడివి తొమ్మిది సెకన్లకు అటూ ఇటుగా తగ్గింది. ఇంతే కదా అనిపిస్తుంది. రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి! స్టీరియోలో గొంతు బరువుగా, పాట ఈడ్చుకుంటూ నడుస్తుంది. పెద్దవాళ్ళ దుఃఖమే ముందుకొస్తుంది. మోనోలో గొంతు లేతగా వుంటుంది, అమ్మాయి తొందర తెలుస్తుంది. నన్నడిగితే మోనోయే మేలంటాను. 2017లో జార్జి మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ ఈ ఆల్బమ్‌ను స్టీరియోలో మళ్ళీ కలిపినప్పుడు, పాత మోనోనే ఆధారం చేసుకుని ఈ పాటకు ఆ వేగమే ఇచ్చాడు.

అలాగని పాత మోనో అంతా బంగారమని కాదు సుమండీ. 1968లో వచ్చిన తెల్లట్ట ఆల్బమ్‌లో 'హెల్టర్ స్కెల్టర్' అనే పాట చివర, వేళ్ళు బొబ్బలెక్కాయని డ్రమ్ములు వాయించిన రింగో కేక పెడతాడు. అది స్టీరియోలోనే వుంది. మోనోలో పాట ముందే ఆగిపోతుంది. ఇంగ్లండులో బీటిల్స్ ఆల్బమ్‌కు విడిగా మోనో కలిపింది కూడా అదే ఆఖరు. 1969 నాటి 'అబ్బీ రోడ్' అక్కడ స్టీరియోలోనే వచ్చింది. ఆ పాత మోనో మిక్సులన్నీ 2009లో పెట్టెగా మళ్ళీ విడుదల చేశారు.

మూడో రకం ఇంకోటి వుంది, దాంతో మాత్రం జాగ్రత్త. అమెరికాలో కేపిటల్ కంపెనీ డ్యుయోఫోనిక్ అనే పేరుతో, మోనో పాటలోని సన్నని ధ్వనులను ఒక పక్కకీ, మంద్రంగా వుండేవాటిని మరో పక్కకీ తోసి, కొంచెం ఆలస్యం కూడా చేర్చి స్టీరియో అని అమ్మింది. కలిపిన పులిహోరలోంచి పోపు గింజలు ఏరి, విడిగా వడ్డించడమే ఇది. మన పాత సినిమా పాటలు కూడా మోనోలో రికార్డయినవే గనక, అట్ట మీద స్టీరియో అని కనిపిస్తే అది ఎలా వచ్చిందో అడగడంలో తప్పులేదు.

ఇక చెవి సంగతి. అమెరికాలో బీచ్ బాయ్స్ బృందానికి పాటలు కట్టిన బ్రయన్ విల్సన్‌కు చిన్నప్పటి నుంచీ కుడి చెవి దాదాపు వినపడేది కాదు. 1966లో ఆయన 'పెట్ సౌండ్స్' ఆల్బమ్‌ను మోనోలోనే కలిపాడు. దానికి అసలైన స్టీరియో రూపం 1997లోగాని బయటికి రాలేదు. మన ఇళ్ళలోనూ అత్తగారికో, నాన్నగారికో ఒక చెవి మందగించి వుంటుంది. ఎంతో ఇష్టమైన పాట పెట్టినా, గొంతు సరిగ్గా వినపడని చెవి పక్కకే వెళ్ళిపోతే పాపం వాళ్ళకి మిగిలేదేముంది? ఫోనులో సెట్టింగ్స్‌కి వెళ్ళి యాక్సెసిబిలిటీ అనే చోట చూస్తే, చాలా ఫోన్లలో మోనో ఆడియో అని ఒక మీట వుంటుంది. అది నొక్కితే ఎడమ, కుడి ధారలు కలిసి రెండు చెవులకూ ఒకటే వస్తుంది. 1963లో మార్టిన్ పాళ్ళు చూసి కలిపిన మోనో ఇది కాదు. మధ్యలో వున్న ధ్వనులు కాస్త పైకి తేలతాయి. కాని పాట మొత్తం వినిపిస్తుంది. వంటింట్లో ఒక చెవితో వినేవాళ్ళూ ఆ మీట వేసుకోవచ్చు. పనయ్యాక రెండు చెవులకూ పెట్టుకున్నప్పుడు తీసేస్తే సరి.