మడి ఒకరిది, నీరు అందరిది

వాకాడు: లోకం వేడెక్కుతోంది, వాయువులు తగ్గించండి అంటున్నారు. ఎకరం, రెండెకరాల రైతుకు ఇందులో పనేముంది? అడగాల్సిన మాటే. అమెరికాలో తలకు ఏడాదికి సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు పడుతుంటే, మన దేశంలో పడేది 2 టన్నులే. తప్పంతా రైతు నెత్తిన వేస్తే ఒప్పుకోనక్కరలేదు.

అయితే వరి మడి సంగతి కొంత వేరు. నీరు ఎడతెగకుండా నిలిస్తే మట్టికి గాలి ఆడదు. అడుగున కుళ్ళే దుబ్బుల నుంచి మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కన దీని వేడి బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 27 రెట్లు.

దీనికి విరుగుడు తడి-పొడి పద్ధతి. అడుగు పొడవు పైపుకు కింది సగం బెజ్జాలు పెట్టి, ఆ సగాన్ని మడిలో పాతి, లోపలి మట్టి తీసేయాలి. నాటిన రెండు మూడు వారాల తరువాత నుంచి, పైపులో నీరు నేలమట్టానికి 6 అంగుళాలు దిగాకే మళ్ళీ 2 అంగుళాల నీరు పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి వారం తరువాత దాకా మాత్రం మడి ఆరనీయరాదు. సక్రమంగా చేస్తే మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. నీరూ మిగులుతుంది. కలుపు మీద మాత్రం కన్నేసి ఉంచాలి.

చిక్కల్లా ఎక్కడంటే, మడి నుంచి మడికి నీరు పారే చోట ఒక్కరే ఆరబెట్టలేరు. ఎగువ మడి నిండుగా ఉంటే ఊటకు మన మడీ తడిసే ఉంటుంది. పోనీ ఆరబెట్టామనుకోండి, వేళకు నీళ్ళు రాకపోతే పంట పోయేది మనదొక్కరిదే. ఆ భయంతోనే దొరికినప్పుడు నిండా పెట్టుకుంటాం. ఇది రైతు మొండితనం కాదు, వంతు మీద నమ్మకం లేకపోవడం.

కనుక ఇది ఒక్క రైతుకు చెప్పే నీతి కాదు, తూము కింది వాళ్ళంతా కూర్చుని తేల్చాల్సిన పని. వాకాడు వద్ద స్వర్ణముఖి బ్యారేజీ కింద అయినా, చెరువు కింద అయినా వంతు రోజులు ముందే రాసుకోవాలి. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు ఉన్నది నీటిని సమంగా పంచడానికే. చెప్పిన రోజుకు నీరు వదిలే పూచీ అధికారులది. అది లేకుండా రైతును ఆరబెట్టమనడం న్యాయం కాదు.

మరో మాట. సముద్రం దాపున ఉప్పు నేలలు ఆరబెడితే ఉప్పు పైకి తేలుతుంది. అక్కడ ఈ పద్ధతి వద్దు. అందరి బాధ్యత అంటే అందరూ ఒకే పని చేయడం కాదు.

కార్బన్ డబ్బు ఇప్పిస్తామని ఎవరైనా వస్తే విడివిడిగా సంతకాలు పెట్టకండి. ఎన్నేళ్ళు, ఎంత, పంట దెబ్బతింటే భరించేదెవరు అన్నది తెలుగులో రాయించుకుని, నలుగురూ కలిసి చదవండి.

వచ్చే పంటకు ఒక్క తూము కింద, నాలుగు పైపులతో మొదలుపెట్టి చూడండి. ఖర్చు తక్కువే. కావాల్సిందల్లా పక్క మడి రైతుతో ఒక మాట.